సిర్కా చేప

జమైకా రేవు బయట, ఓడ మీద నుంచి
డిసెంబరు

ఖుర్షిదాకి,

సలాం. ఇక్కడ అందరం కులాసా. అక్కడ నువ్వూ, సైమా, అన్నా కులాసాగా ఉన్నారని తలుస్తాను.

ఈ రోజుల్లో ఉత్తరాలేమిటని నువ్వు నవ్వుకుంటావని తెలుసు. ఓడలో జనరేటరుకి డీజిలు అయిపోయింది. ఫోను చచ్చి కూర్చుంది. బతికున్నా ఈ కొండ చాటుకి సిగ్నల్ అందదు. నావికుల సహాయ సంఘం తరఫున ప్రేమ్‌చంద్ గారని ఒకాయన అప్పుడప్పుడూ పడవలో వచ్చి బియ్యం, మంచినీళ్ళు, కట్టెలు ఇచ్చి పోతుంటాడు. ఆయన ముత్తాతలు మన దేశం నుంచే ఇక్కడి చెరకు తోటల్లోకి కూలికి వచ్చారట. మన భాష మాత్రం ఒక్క ముక్క రాదు. నేను రాసిన కాగితాన్ని ఫోటో తీసుకుని, ఒడ్డుకి వెళ్ళాక నీ ఫోనుకి పంపుతానన్నాడు. నువ్వు రాసింది ఫోటో తీసి పంపితే అచ్చు వేయించి తెచ్చి ఇస్తాడు.

సంగతి దాచి ప్రయోజనం లేదు. ఓడ ఓనరు చేతులెత్తేశాడు. ఓడ కోర్టు చేతికి పోయింది. అది అమ్ముడుపోయేదాకా మేం ఇలా లంగరు మీదే ఉండాలట. కాలు కింద పెడితే దొంగతనంగా దేశంలోకి వచ్చినట్టు లెక్క. ఒడ్డు మీద బస్సులు పోతుంటే ఇక్కడి నుంచి కనబడతాయి. ఎవరో దుప్పట్లు ఆరేసుకోవడం కూడా కనబడుతుంది. అంత దగ్గర.

ఉన్నది ఐదుగురం. అందులో మార్క్ అనే ఫిలిప్పీన్స్ కుర్రాడు, వాళ్ళ నాన్న పోయాడని ప్రేమ్‌చంద్ గారి నోట విని, ఎవరు పట్టుకున్నా ఆగకుండా సముద్రంలోకి దూకేశాడు. ఈదుకుంటూ పోదామనుకున్నాడు. రేవు పోలీసులు సగం ప్రాణంతో బయటికి లాగి మళ్ళీ తెచ్చి మాకే అప్పగించారు. ఇప్పుడు బాగానే ఉన్నాడులే. ఈ సంగతి సైమాకి చెప్పకు.

నా వంటపని మాత్రం ఆగలేదు. ఫ్రిజ్ లేదు కాబట్టి చేప తెచ్చుకుంటే ఆ పూటే తినాలి, లేకపోతే పారెయ్యాలి. మొదట్లో చాలా పారేశాను. మిస్ వెర్నా అని ఒకావిడ పడవేసుకుని ఓడల దగ్గరికి చేపలు తెస్తుంది. మనిషి మన సుబ్బరావమ్మత్తలాగే గట్టిగా అరిచి మాట్లాడుతుంది. నేను చేప పారెయ్యడం చూసి నన్ను తిట్టి, వాళ్ళ ఊళ్ళో చేసే పద్ధతి ఒకటి నేర్పుతానంది. వేయించిన చేపని వెనిగర్‌లో, అదే మన సిర్కాలో, ఊరబెట్టడమట. కుదిరితే రాస్తాను.

అన్నకి నా సలాం. సైమా ఇంటరు పరీక్షలకి చదువుతోందా?

మాలిక్

*

పర్చూరు
జనవరి

సైమా నాన్నకి,

ఖుర్షిదా సలాం చేసి రాసేది.

మీ కాగితం అందింది. ఫోనులో అక్షరాలు పెద్దవి చేసుకుని ముగ్గురం చదివాం. ఆ కుర్రాడి సంగతి సైమా నాకంటే ముందే చదివేసింది, ఇక చెప్పకు అంటే ఏం లాభం. సాయంత్రం వచ్చి, "నాన్నకి ఈత వచ్చా అమ్మా" అని అడిగింది. రాదని అబద్ధం చెప్పాను. చిన్నప్పుడు మీరు కాలువలో ఎలా ఈదేవారో బావగారు చెబుతుంటే ఎన్నిసార్లు విన్నానో.

బావగారు మీ కోసం తిరగని చోటు లేదు. దుకాణం మూసి ఒంగోలు పోతారు. అక్కడ ఒక ఆఫీసులో కాగితం తీసుకుని విజయవాడ వెళ్ళమన్నారు. విజయవాడలో ఇది మా పని కాదు, ఢిల్లీ అన్నారు. ఢిల్లీకి రాయించారు. ఢిల్లీ వాళ్ళు మీ జిల్లా వాళ్ళ నుంచి రావాలన్నారు. మళ్ళీ ఒంగోలు. వెళ్ళిన ప్రతిసారీ వాళ్ళు మర్యాదగానే కూర్చోబెడతారట, అదే ఇంకా కడుపు మండిస్తుందంటారు. దగ్గు తగ్గలేదు. డాక్టరు దూది దగ్గరికి పోవద్దన్నాడు. దూది ఏకకుండా పరుపులు ఎలా కుడతారు? మూతికి తువ్వాలు కట్టుకుని మిషను ముందు కూర్చుంటున్నారు.

నేను మిరప కల్లానికి పోతున్నాను. ఈసారి కాయ బాగుంది. తొడిమలు తీసి తీసి గోళ్ళు మండుతున్నాయి. ఇంటికొచ్చి ఏం ముట్టుకున్నా ఘాటే. మొన్న సైమా తల దువ్వితే దాని కళ్ళ వెంట నీళ్ళు కారాయి.

ఆ సిర్కా చేప ఎలా చేస్తారో వివరంగా రాయండి. మీరు అక్కడ తినేది మేం ఇక్కడ తినాలని బావగారి కోరిక. కింద ఆయనే రెండు ముక్కలు రాస్తానని కలం లాక్కున్నారు.

ఖుర్షిదా

ఒరేయ్ మాలిక్, నేను జాన్ బాషాని. నువ్వు భయపడొద్దు. నేను తిరుగుతున్నా. ఆఫీసుల వాళ్ళు నన్ను చూసి తలుపులేసుకునే దాకా తిరుగుతా. నువ్వు మాత్రం ఓడ మీదే ఉండు, పిచ్చి పనులు చెయ్యకు. చేపకి ఉప్పు తక్కువ వెయ్యి, నీకు ముందు నుంచీ చెయ్యి జారుతుంది. అన్న.

*

ఓడ మీద నుంచి
ఫిబ్రవరి

ఖుర్షిదాకి,

సలాం. అన్న రాసిన ముక్కలు చదివి చదివి కాగితం మడత దగ్గర చినిగింది. ఉప్పు సంగతి ఆయన మర్చిపోడు.

ఇదిగో నీ సిర్కా చేప. ఇక్కడి వాళ్ళు ఎస్కోవిచ్ అంటారు. నాకు నోరు తిరగక సిర్కా చేపే అంటున్నాను, మిస్ వెర్నా కూడా ఇప్పుడు ఆ మాటే అంటోంది.

ఎర్ర పొలుసుల చేప ఒకటి తీసుకుంటాను. నువ్వు చందువా తెచ్చుకో. చీరాల నుంచి బండి మీద వస్తాయిగా. పొలుసు తీసి, రెండు పక్కలా గాట్లు పెట్టి, నిమ్మరసంతో రుద్ది కడుగు. తడి లేకుండా గుడ్డతో అద్దు. ఇక్కడే నేను మొదట దెబ్బతిన్నాను. మనం చేపకి కారం, పసుపు, అల్లం పట్టించి ఆ తడితోనే వేయిస్తాం. అలా చేస్తే సిర్కాలో మెత్తబడి విడిపోతుంది. దీనికి ఉప్పూ మిరియాల పొడీ, అంతే. ఎముక కూడా కరకరలాడేదాకా వేయించాలి. మాడిందేమో అనుకునేదాకా ఉంచాలి.

తర్వాత ఒక ఉల్లిపాయ చక్రాలుగా, ఒక క్యారెట్ సన్నగా పొడుగ్గా, ఒక మిరపకాయ. ఇక్కడి మిరపకాయ చిన్న గుమ్మడికాయలా ముడుచుకుని ఉంటుంది. మాది గుంటూరు పక్కన, మాకా మిరపకాయలు చూపించేది అని పచ్చిది కొరికాను. తర్వాత చాలాసేపు నీళ్ళ చెంబు వదల్లేదు. మార్క్ నవ్వి నవ్వి నేల మీద కూలబడ్డాడు. నువ్వు పచ్చిమిర్చి వేసుకో చాలు. అర గ్లాసు సిర్కాలో ఇవన్నీ వేసి, మిరియాలు, రెండు లవంగాలు తగిలించి ఒక్క పొంగు రానిచ్చి చేప మీద వేడివేడిగా పొయ్యాలి. మూత పెట్టి మర్నాటి దాకా ముట్టుకోకూడదు. తర్వాత చల్లగానే తినాలి, వేడి చెయ్యకూడదు. ఒక చేప చేసుకుంటే నాలుగు పూటలు వస్తుంది. పాడవదు.

నేను కట్టెల మీద, ఖాళీ నూనె పీపాని కోసి చేసిన పొయ్యి మీద వండుతున్నాను. గాలి మారితే పొగంతా నా మీదికే. తిండికి లోటు లేదు. కోర్టులో వాయిదా పడిందట. ఎందుకు పడిందో ప్రేమ్‌చంద్ గారికి కూడా తెలియదు. ఆయన తల దించుకుని చెబుతుంటే ఆయన్నే నేను ఓదార్చాల్సి వచ్చింది.

అన్న దగ్గు ఎలా ఉంది? డాక్టరు మాట వినమను. రాయమను.

మాలిక్

*

పర్చూరు
మార్చి

సైమా నాన్నకి,

ఖుర్షిదా సలాం చేసి రాసేది.

ఇక్కడ అందరం బాగున్నాం. సైమా పరీక్షలు మొదలయ్యాయి. మొదటి పేపరు బాగా రాశానంది. ఎండలు ముందే ముదిరాయి. కల్లాల మీద మిరపకాయలు ఎర్రగా పరిచి ఉన్నాయి, దారిన పోతుంటేనే తుమ్ములు.

మీరు రాసినట్టే సిర్కా చేప చేశాను. చందువాలు తాజాగా దొరికాయి. సిర్కా కోసం కొట్టువాడు వెనక అరలన్నీ వెతికి దుమ్ము పట్టిన సీసా ఒకటి తీశాడు. తడి అద్దమన్నారుగా, పాత పంచె ముక్కతో అద్దాను. కారం పట్టించకుండా చేప వేయించడానికి చెయ్యి రాలేదు, అయినా మీ మాట దాటలేదు. ఇల్లంతా పుల్లటి వాసన. పక్కింటి యలమంద వచ్చి పచ్చడి పెడుతున్నారా వదినా అని అడిగాడు.

రుచి బాగుంది. మొదట నోటికి కొత్తగా ఉంటుంది, రెండో ముద్దకి అలవాటవుతుంది. బావగారు ఇష్టంగా తిన్నారు. మీరన్నది నిజమే, అసలు పాడవలేదు. మూడు రోజులు పొయ్యి వెలిగించకపోయినా, ఈ ఎండల్లో కూడా, చివరి ముక్క దాకా మొదటి రోజులాగే ఉంది.

బావగారికి చెయ్యి నొప్పిగా ఉంది. అందుకే ఈసారి రాయలేదు. ఆఫీసుల పని నడుస్తోంది, మీరు బెంగ పెట్టుకోకండి. ఒంటి మీద ధ్యాస పెట్టండి. మార్క్‌నీ మిగతా వాళ్ళనీ అడిగానని చెప్పండి.

ఖుర్షిదా

*

ఓడ మీద నుంచి
మార్చి

ఖుర్షిదా,

నీ ఉత్తరం ఇప్పుడే వచ్చింది. ప్రేమ్‌చంద్ గారి పడవ ఇంకా కిందే ఉంది. ఆయన్ని ఆగమని చెప్పి రాస్తున్నాను.

మూడు రోజులు పొయ్యి ఎందుకు వెలిగించలేదు?

గ్యాసు అయిపోతే యలమంద వాళ్ళింట్లో వండుకుంటావు. ఒంట్లో బాగోకపోతే సైమా వండుతుంది. నేను పుట్టి బుద్ధెరిగాక మన ఇంట్లో మూడు రోజులు పొయ్యి వెలగనిది రెండేసార్లు. అమ్మ పోయినప్పుడు ఒకసారి, నాన్న పోయినప్పుడు ఒకసారి. మైలు దూరం నుంచి నసీమున్నీసా పిన్ని అన్నం గిన్నె నెత్తిన పెట్టుకుని వచ్చి మాకు తినిపించింది.

సైమా పరీక్ష రాసిందన్నావు. నువ్వు ఉత్తరం రాశావు.

అన్న చేత ఒక్క ముక్క రాయించి పంపు. చెయ్యి నొప్పైతే వేలిముద్ర వేయించు.

మాలిక్

*

పర్చూరు
ఏప్రిల్

సైమా నాన్నకి,

వేలిముద్ర వేసే చెయ్యి లేదండీ.

ఈ మాట రాయడానికి ఇన్నాళ్ళు పట్టింది. రోజూ కాగితం తీస్తాను, సలాం రాస్తాను, మడిచేస్తాను. ఫిబ్రవరి చివర్లో ఆయనకి ఆయాసం ఎక్కువైంది. గుంటూరు తీసుకెళ్ళాం. ఊపిరితిత్తుల్లో చోటు లేదని, ఇంటికి తీసుకెళ్ళి ఇష్టమైనది పెట్టండని డాక్టరు చెప్పాడు. బావగారు వింటుండగానే చెప్పాడు. వచ్చేటప్పుడు ఆటోలో ఆయనే నాకు ధైర్యం చెప్పారు.

ఏం తింటారు బావగారూ అంటే, వాడు రాసిన చేప చెయ్యమన్నారు. ముందు రోజు చేసి ఊరబెట్టాను. పొద్దున ఇంత ముక్క పెట్టాను. పళ్ళున్న వైపు నుంచి మెల్లగా నమిలి, "ఉప్పు సరిగ్గా వేశావమ్మా, వాడైతే ఎక్కువేసేవాడు" అన్నారు. ఇంకో ముక్క అడిగారు. అది తింటూ నన్ను దగ్గరికి పిలిచారు.

"వాడికి చెప్పొద్దు. ఓడ దిగాక చెప్పు. ఇప్పుడు చెబితే వాడు నీళ్ళలో దూకుతాడు. వాణ్ణి పెంచినవాణ్ణి, నాకు తెలుసు."

ఒట్టు వేయించుకున్నారు. సైమా చేత కూడా వేయించారు. మధ్యాహ్నం నమాజు వేళకి వెళ్ళిపోయారు.

మీరు లేరు. మట్టి ఇవ్వడానికి ఆయనకి తమ్ముడు లేడు. సిలార్ మామ దగ్గరుండి అన్నీ జరిపించాడు. జనాజా ఎత్తేటప్పుడు, తమ్ముడు ఎక్కడ అని ఎవరో అడిగారు. నేను లోపల కిటికీ పట్టుకుని నిలబడ్డాను. మీరు బతికుండి కూడా రాలేకపోవడం ఎవరికి చెప్పుకోవాలి? ఏ ఆఫీసుకి వెళ్ళాలి?

ఆ మూడు రోజులూ అందరూ అన్నం తెచ్చిపెట్టారు. కూరలు తెచ్చారు. మాకు మాత్రం ఆయన కోసం చేసిన ఆ చేపే తినాలనిపించింది. సైమా, నేను అన్నంలో కలుపుకుని తిన్నాం. మీకు ఉత్తరం రాసేటప్పుడు ఏది దాచాలో అన్నీ జాగ్రత్తగా దాచుకుంటూ వచ్చాను. వంట దగ్గర ఒళ్ళు మరిచాను. అది బాగా కుదిరిందని మీకు చెప్పాలనిపించింది.

ఇక నేను కూడా ఒక మాట అడుగుతాను. ఒక చేప, ఒక ఉల్లిపాయ, ఒక క్యారెట్. నాలుగు పూటలు వస్తుందని రాశారు. ఐదుగురికి వండే మనిషి అలా రాయరు. వంట చేసేదాన్ని, నాకు తెలియదా? మీరు అక్కడ ఒంటరిగా ఉన్నారని ఆ ఉత్తరం చదివిన రోజే తెలిసింది. బావగారికి కూడా చెప్పాను. ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నారు. అందుకే ఒట్టు వేయించుకున్నారేమో.

పట్టుకోవడానికి పక్కన ఎవరున్నారని మీకు చెప్పను? ఇప్పుడు చెప్పేశాను. ఒట్టు తప్పాను. ఈ కాగితం పంపిన తర్వాత మీ నుంచి మళ్ళీ కాగితం వచ్చేదాకా నేను ఎలా ఉంటానో నాకు తెలియదు. దూకకండి. సైమా కూడా అదే రాయమంటోంది.

ఖుర్షిదా

*

ఓడ మీద నుంచి
మే

ఖుర్షిదాకి,

సలాం.

ముందుగా, నేను ఓడ మీదే ఉన్నాను.

నువ్వు కనిపెట్టింది నిజం. జనవరిలోనే ఎవరి దేశం వాళ్ళు వాళ్ళని పిలిపించుకున్నారు. ఒక్కొక్కడే సంచి భుజాన వేసుకుని నిచ్చెన దిగిపోయాడు. మార్క్ దిగేటప్పుడు నా మెడ పట్టుకుని ఏడ్చాడు. వాడు మిరపకాయ చూసి నవ్విన మాట నిజమే, కాకపోతే అది క్రిస్మస్ ముందు. ఓడని ఖాళీగా వదలకూడదట, ఒక మనిషి ఉండి తీరాలట. పిలిపించుకునేవాళ్ళు లేక మిగిలిన మనిషిని నేను. అన్న అక్కడ తలుపు తలుపూ కొడుతుంటే ఆయన చెవిన ఈ మాట వెయ్యలేకపోయాను. నువ్వు నా దగ్గర దాచావని కోపం లేదు. ఏ మొహం పెట్టుకుని కోప్పడను?

నీ ఉత్తరం ఇచ్చి ప్రేమ్‌చంద్ గారు వెళ్ళిపోయారు. చదివాను. మట్టి ఇవ్వడానికి తమ్ముడు లేడన్నావు, ఆ వాక్యం దగ్గర చాలాసేపు ఉన్నాను. తర్వాత నమాజుకి నిలబడ్డాను. లంగరు మీద ఓడ నిలకడగా ఉండదు, నీరు ఎటు లాగితే అటు తిరుగుతుంది. మక్కా వైపు నిలబడి మొదలుపెడితే ముగించేసరికి వేరే దిక్కుకి ఉన్నాను. మళ్ళీ మొదలుపెట్టాను. మళ్ళీ తిరిగింది. అన్న కోసం ఒక్క నమాజు సరైన దిక్కుకి చదవలేకపోయానని అప్పుడు ఏడుపొచ్చింది, అంతకు ముందు రాలేదు.

అన్న నన్ను సరిగ్గానే అంచనా వేశాడు. చొక్కా విప్పి నిచ్చెన చివరి మెట్టు దాకా దిగాను. ఎంతో దూరం లేదు, చెప్పానుగా, బస్సులు కనబడతాయని. నీళ్ళు మోకాళ్ళకి తగులుతున్నాయి. దేశం చేరతానని కాదు. ఎటో ఒకవైపు కదలాలని, అంతే.

మిస్ వెర్నా పడవ అప్పుడే వచ్చింది. చేపలు అమ్ముకోవడానికి వచ్చింది, రోజూ వచ్చే వేళే. నన్ను ఆ మెట్టు మీద చూసి ఎప్పటిలా అరవలేదు. పడవని నిచ్చెనకి కట్టేసి, ఎవరు అని అడిగింది. అన్న అన్నాను. నాన్న లాంటివాడు అన్నాను. వచ్చీరాని ఇంగ్లీషులో, మా ఇళ్ళలో ఇలాంటప్పుడు మూడు రోజులు పొయ్యి వెలిగించరని, చుట్టుపక్కల వాళ్ళు అన్నం తెచ్చి పెడతారని, నాకు చుట్టుపక్కల నీళ్ళేనని చెప్పాను. అంతా విని, "మీకు మూడు రోజులేనా? మాకు తొమ్మిది" అంది.

వాళ్ళలో మనిషి పోతే తొమ్మిది రోజుల పాటు ఆ ఇంటివాళ్ళని ఒంటరిగా వదలరట. అందరూ వచ్చి కూర్చుంటారట, పోయినవాడి గురించి చెప్పుకుంటారట, వేయించిన చేప తింటారట. నన్ను పైకి ఎక్కమంది. నేను ఎక్కేదాకా పడవ కదిలించలేదు.

మర్నాడు గిన్నె తెచ్చింది. సిర్కా చేప, వాళ్ళింట్లో చేసింది. దుంప పిండితో కాల్చిన రొట్టె. ఓడ ఎక్కడానికి ఆమెకి అనుమతి లేదు, నేను దిగడానికి లేదు. అందుకని నేను నిచ్చెన కింది మెట్టు మీద, ఆమె పడవలో, ఎదురెదురుగా కూర్చున్నాం. అన్న ఎలా ఉండేవాడని అడిగింది. పరుపులు కుట్టేవాడని, కనుబొమల్లో ఎప్పుడూ దూది ఉండేదని చెప్పాను. రోజూ వచ్చింది. తొమ్మిది రోజులూ వచ్చింది. నేనూ తొమ్మిది రోజులూ పొయ్యి వెలిగించలేదు.

పదో రోజు ఆమె తన పని మీద పోయింది. నేను పొయ్యి వెలిగించి అన్నం వండుకున్నాను. కోర్టు తేదీ మళ్ళీ మారింది. నా కోసం ఇక ఒంగోలు ఎవరు వెళ్ళాలో నాకు తెలియదు. నిన్ను వెళ్ళమనడానికి నోరు రావడం లేదు, వెళ్ళొద్దనే ధైర్యమూ లేదు. ఇక్కడి నుంచి నేను చెయ్యగలిగింది ఏమీ లేదు ఖుర్షిదా. తిని కూర్చోగలను. దూకకుండా ఉండగలను. అది మాత్రం చేస్తాను, సైమాకి చెప్పు.

అక్కడ ఏం జరిగినా నాకు రాయి. ఎంత చెడ్డదైనా రాయి. నాకు తెలియకుండా మన ఇంట్లో ఇంకోసారి పొయ్యి ఆరకూడదు.

మాలిక్